విమానచాలకుల జాగరూకత - ఆటోపైలట్

యంత్రము తనంత తాను విమానమును నడపుచున్న వేళ కాక్‌పిట్‌లో కూర్చున్న చాలకుని ఏకాగ్రత ఎట్లు సడలునో, సడలిన ఏకాగ్రత ఆపత్సమయమున ఎంత త్వరగా తిరిగి కూడదీసికొనబడునో విచారించు విషయమిది. సడలుటకు కారణములు ముఖ్యముగా రెండు: నిద్రలేమి, పనిలేమి.

అమెరికా దేశీయుడగు లారెన్స్ స్పెర్రీ, వేగముగా తిరుగు చక్రము తన అక్షమును విడువదను సూత్రము నాధారము చేసికొని, విమానమును ఒరగనీయని గైరోస్కోపు యంత్రమును 1914 జూన్ 18వ తేదీన పారిస్ చెంత సీన్ నదిపై ప్రదర్శించెను. అతడు రెండు చేతులను పైకెత్తి కూర్చుండగా, సహచరుడగు ఎమిల్ కాషాఁ రెక్కపైకి నడచిపోయినను, విమానము తొణకక సాగిపోయెను. 1933 జులైలో వైలీ పోస్ట్ అను ఒంటికంటి వైమానికుడు ‘విన్నీ మే’ అను విమానమున స్పెర్రీ యంత్రము నమర్చుకొని, 7 దినముల 18 గంటల 49 నిమిషములలో ఒంటరిగా భూగోళమును చుట్టివచ్చెను. ఇతడు ఇనుపపానా నొకదానిని దారముతో వ్రేలికి కట్టి చేత పట్టుకొనెడివాడు. కునుకు పట్టి పిడికిలి వదలగనే పానా జారి వ్రేలిని లాగ, మెలకువ వచ్చెడిది. యంత్రమును కాచువానిని కాచుటకు ఇంత చవకైన ఉపాయము మరల కానరాదు. 1947 సెప్టెంబరులో అమెరికా సైనికవిమానమగు సి-54, పైకి లేచుట మొదలు నేల దిగుట వరకు యంత్రసహాయముననే న్యూఫౌండ్‌లాండ్ నుండి ఇంగ్లండు చేరినది.

రెండవ ప్రపంచయుద్ధమున జలాంతర్గాములకై రాడారు తెరలను గంటలతరబడి చూచుచుండిన బ్రిటిషు సైనికులు, తెరపై కనబడిన సంకేతములను సైతము గుర్తింపక విడుచుచుండిరి. హేతువు నెరుగగోరి, కేంబ్రిడ్జియందు నార్మన్ మాక్‌వర్త్ అంకెలు లేని గడియారము నొకదానిని నిర్మించెను. దాని ముల్లు సెకనుకొక గంతు వేయును. ఎప్పుడో ఒకమారు రెండు గంతుల దూరమును ఒక్కుమ్మడి దుముకును. అది చూచి మీట నొక్కుటయే పరీక్షకు కూర్చున్నవాని పని. అరగంట గడచునప్పటికే, శ్రద్ధావంతుల చూపును మందగించునని 1948లో ప్రకటితమైన ఈ ప్రశస్త పరిశోధన తేల్చినది.

భారతదేశమున నాడు ప్రధానముగా తిరిగినవి డకోటా విమానములు. హైదరాబాదునందలి దక్కను ఎయిర్‌వేస్ నడపినవియు, బిజూ పట్నాయక్ స్థాపించిన కళింగ ఎయిర్‌లైన్స్ నడపినవియు అవియే. 1949 జనవరిలో రాత్రి టపా ప్రారంభమాయెను: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుండి బయలుదేరిన విమానములు నడిరేయి నాగపురమున కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి తిరిగి చేరెడివి. దేహము నిద్రను మిక్కిలి కోరు జాములలోనే ఆ ప్రయాణమంతయు జరిగినను, చేతినిండ పని యుండుటచే పనిలేమి ఇంకను దాపురింపలేదు.

తరువాతి రెండు దశాబ్దులలో జెట్ విమానములు వచ్చినవి, ఆటోపైలట్ నిత్యవస్తువైనది. 1972 డిసెంబరు 29న అమెరికాలోని మయామీ చెంత ఈస్టర్న్ 401 విమానమున సిబ్బంది యందరును వెలుగని దీపమొకదానిపై దృష్టి నిలిపియుండగా, ఎత్తును కాపాడు ఆటోపైలట్ అమరిక తెలియకయే విడిపోయి, విమానము చిత్తడినేలపై పడి 101 మంది మరణించిరి. పర్యవేక్షణమే వృత్తియైనవానికి స్వయముగా నడపు నైపుణ్యము క్షీణించునని 1983లో లిసాన్ బైన్‌బ్రిడ్జ్ నిశితముగా నిరూపించెను.

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుండి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ-320 బెంగుళూరున దిగబోవుచు, ఇంజనులను మందగతిలో నుంచు అమరికలో చిక్కుకొని, వేగము తగ్గిపోవుట ఇరువురు చాలకులును సకాలమున గమనింపనందున, రన్‌వేకు ఈవలనే కూలెను. 146 మందిలో 92 మంది మృతులైరి.

2010 మే 22 నాటి మంగుళూరు ప్రమాదము నిద్రకు సంబంధించినది. దుబాయి నుండి వచ్చిన బోయింగ్ 737 కొండకొమ్ము మీది రన్‌వేపై, దిగవలసిన చోటు దాటి దిగి, లోయలో పడినది. 166 మందిలో ఎనమండుగురు మాత్రమే బ్రతికిరి. కెప్టెను ప్రయాణమున చాలసేపు నిద్రించెననుటకు కాక్‌పిట్ ధ్వనిముద్రణమున గుఱక సాక్ష్యమిచ్చినది. నిద్ర లేచినంతనే ఆవరించు మాంద్యము నిర్ణయశక్తిని చెరచియుండవచ్చునని విచారణసంఘము అభిప్రాయపడెను. దిగక పైకి లేపుమని కో-పైలట్ మూడుమారులు చెప్పెను.

చాలకుని మెలకువను యంత్రమే కనిపెట్టు ఏర్పాటు రైళ్లలో నున్నది: విద్యుదింజనులలో, డ్రైవరు ఒక నిమిషము పాటు ఏ మీటయు కదపనిచో దీపము వెలుగును, బజరు మ్రోగును, అప్పటికిని చలనము లేనిచో బ్రేకులు పడును. ఆకసమున ఆగుటకు వీలులేదు గనుక, బోయింగ్ 777 వంటి వానిలో చాలకులు చాలసేపు దేనిని తాకనిచో తెరపై సందేశమును, పిదప హెచ్చరిక ధ్వనియు మాత్రమే కలుగును.

నిద్రలేమిని అరికట్టుటకై భారత పౌరవిమానయాన డైరెక్టరేట్ 2024 జనవరిలో చాలకుల వారపు విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచి, రాత్రి దిగుటలను ఆరింటి నుండి రెంటికి కుదించినది. ఈ నియమములు 2025 నవంబరున పూర్తిగా అమలులోనికి రాగా, చాలకుల కొరతచే డిసెంబరున ఇండిగో సంస్థ వేలాది ప్రయాణములను రద్దుచేసెను. ఆ సంస్థకు రాత్రివేళ నియమముల నుండి తాత్కాలిక సడలింపు లభించినది.