వ్యక్తి అంటే ఎవరు? బొర్రా కొండలు నిలిచిన కథ

బొర్రా గుహలు చూడడానికి వచ్చేవాళ్లు కిరండూల్ రైలు దిగుతారు, గుహలో రంగు దీపాల వెలుగులో సున్నపురాతి రూపాలు చూస్తారు, బయటికొచ్చి బొంగులో చికెన్ తిని అరకు వెళ్ళిపోతారు. ఆ గుహల చుట్టూ ఉన్న కొండల కోసం ఒక కేసు నడిచిందని, ఆ కేసులో ఒక్క మాటకి అర్థం తేల్చుకోవడానికి సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చిందని వాళ్లలో చాలామందికి తెలియదు. మన పిల్లల్లోనూ ఎక్కువమందికి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాం.

అమెరికా, బ్రిటన్ దేశాల్లో ల్యాండ్ ట్రస్టులని ఉంటాయి. ఒక అడవినో చిత్తడి నేలనో కొని, లేదా దానంగా పుచ్చుకుని, ఇక దాన్ని ఎవరూ అమ్మకుండా, తవ్వకుండా కాపాడతాయి. పాడైన చోట మళ్లీ చెట్లు పెంచుతాయి. ఈ సంగతి విన్నప్పుడు ముందు మాకు నవ్వొచ్చింది. కొండను కొనడమేమిటి? తర్వాత ఆలోచిస్తే, కొండను కొనే డబ్బు మన దగ్గర ఎన్నడూ లేకపోయినా, ‘ఇది అమ్మకానికి లేదు’ అని కాగితం మీద రాయించుకోవలసిన అవసరం మనకూ వందేళ్ల కిందటే వచ్చిందని గుర్తొచ్చింది.

1882 మద్రాసు అటవీ చట్టంతో అడవికి గీత పడింది. గీత లోపల పోడు నేరమైంది. గీత బయటి భూమికి షావుకారు కాచుకుని కూర్చున్నాడు. ఉప్పుకీ బట్టకీ చేసిన అప్పు కింద భూములు చేతులు మారాయి. 1879 రంపలో మంట లేచింది, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొర నడిచారు. ఆ రెంటికీ మధ్య, 1917లో, తెల్లదొరలే గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీల కోసం ఒక చట్టం చేశారు. కొండవాడి భూమి బయటివాడికి పోవాలంటే ఏజెంటు అనుమతి కావాలన్నారు. అది మన మీద ప్రేమతో చేసిందని మేము అనుకోం. తిరుగుబాటు అంటే వాళ్లకు ఖర్చు. నిజాం ఇలాకాలోనూ అంతే. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్ నేలకొరిగాకే హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల గోడు ఏమిటని అడిగారు. ఆ తర్వాతే ఆదిలాబాదులో పట్టాలు వచ్చాయి.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో భూబదిలీ నిబంధనలు చేశారు. 1963లో అవి తెలంగాణ ఏజెన్సీకీ వచ్చాయి. 1970లో చేసిన సవరణనే మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం. ఏజెన్సీలో ఉన్న స్థిరాస్తిని ఏ వ్యక్తి అయినా, అతడు గిరిజనుడైనా కాకపోయినా, గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదిలీ చేయడానికి లేదు. చేస్తే చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది అతడే.

ఇంత గట్టి చట్టం ఉండగా బొర్రా కొండల్లోకి గనులవాళ్లు ఎలా వచ్చారు? అసలు కథ ఇక్కడే ఉంది.

అనంతగిరి మండలంలో బొర్రా, దాని చుట్టుపక్కల ఊళ్లు కలిపి పద్నాలుగు. రిజర్వు అడవిగా ప్రకటించిన చోట ఉన్న ఊళ్లవి. తాతల నాటి నుంచి చోళ్ళు, సామలు పండించుకుంటున్నా పట్టా లేదు. కాగితాల్లో ఆ నేల సర్కారుది. కింద కాల్సైట్, మైకా ఉన్నాయి. సర్కారు తన భూమే కదా అని ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇచ్చింది. ఏజెన్సీలో పనిచేస్తున్న సమత అనే సంస్థ మన ఊళ్లవాళ్ల తరఫున హైకోర్టుకు వెళ్లింది. సర్కారు వాదన చాలా తేలిక. చట్టంలో ‘వ్యక్తి’ అని ఉంది, వ్యక్తి అంటే మనిషి, ప్రభుత్వం మనిషి కాదు, కనుక ప్రభుత్వ భూమిని ఎవరికి ఇచ్చినా ఈ చట్టం అంటదు. హైకోర్టు ఆ వాదనను ఒప్పుకుంది.

ఒక్కసారి ఆలోచించండి. పట్టా ఇవ్వనిదీ సర్కారే, పట్టా లేదు కనుక ఈ భూమి నాదన్నదీ సర్కారే, నాది కనుక కంపెనీకి ఇస్తానన్నదీ సర్కారే!

1997 జూలై 11న సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్, ‘వ్యక్తి’ అనే మాటలో ప్రభుత్వం కూడా ఉందని తేల్చారు. జస్టిస్ పట్నాయక్ ఒప్పుకోలేదు. ఇద్దరి మాటే తీర్పు అయింది. ఏజెన్సీలో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజులు చెల్లవన్నారు. ఒక్క ఓటు అటు పడి ఉంటే బొర్రా చుట్టుపక్కల ఏం మిగిలేదో చెప్పనక్కరలేదు. ఆ కొండల్లో పుట్టిన గోస్తని గుహల్లోంచి పారి, తాటిపూడి జలాశయంలో చేరి, అక్కడి నుంచి విశాఖ నగరానికి తాగునీరవుతుంది. కేసు గెలిచింది పద్నాలుగు ఊళ్లవాళ్లే కాదు, ఆ సంగతి ఎరగని పట్నంవాళ్లు కూడా.

అయితే తీర్పు ఒక తలుపు తెరిచే ఉంచింది. ప్రభుత్వ సంస్థ తవ్వొచ్చు. లాభంలో కనీసం నూటికి ఇరవై వంతు గిరిజనుల నీళ్లకూ బడులకూ ఆసుపత్రులకూ పక్కన పెట్టాలని షరతు పెట్టారు. బాక్సైటు ఆ తలుపులోంచే వచ్చింది. ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతుంది, ప్రైవేటు కర్మాగారం కొంటుంది అన్నారు. 2015 నవంబరులో జీఓ 97తో జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవిని ఆ సంస్థకు ఇవ్వబోయారు. మన్యం లేచింది. జీఓను ముందు నిలిపి, 2019లో రద్దు చేశారు. బాక్సైటు పొర వాననీటిని పట్టుకుని గెడ్డల్లోకి మెల్లగా వదులుతుంది. ఆ సంగతి ఎండాకాలంలో కుండ పట్టుకుని ఊటకు వెళ్లే మన ఆడవాళ్లకు చెప్పక్కరలేదు.

తవ్వకం ఆగినంత మాత్రాన అడవి తిరిగి రాదు. ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. పూర్వం పోడు కొట్టిన వాలును ఏళ్ల తరబడి వదిలేసేవారు. భూమి తగ్గి, నోళ్లు పెరిగి, ఆ విరామం కుదించుకుపోయింది. వాళ్లు నాటిన అడవి సంగతి మరొకటి. వన సంరక్షణ సమితులన్నారు, చాలాచోట్ల జామాయిల్ వేశారు. జామాయిల్ తోటలో అడ్డాకు దొరకదు, తేనెపట్టు కనపడదు. వరసలుగా నాటినదాన్ని అడవి అనడం మాకు చేతకాదు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ కొంత నయం. వాలు మీద మట్టి నిలిచింది, చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. కానీ సిల్వర్ ఓక్ చింతకూ పనసకూ సాటి రాదు.

ఏ చెట్టు ఎక్కడ రావాలో చెప్పే హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. ఊరి సామూహిక అడవిని కాపాడుకునే, మళ్లీ పెంచుకునే, నడుపుకునే హక్కు గ్రామసభది. వ్యక్తిగత పట్టా కోసం అందరం పరిగెత్తాం, తప్పు కాదు. ఊరి అడవి కోసం పెట్టే ఫారం ‘సి’ని మాత్రం చాలా గూడేల్లో ఇంకా ముట్టుకోలేదు. అందులో కంపార్టుమెంటు నంబరు అడుగుతారు, తెలిస్తేనే రాయమంటారు. సరిహద్దు ఊళ్ల పేర్లు, అడవి పటం, రుజువులు అడుగుతారు. దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం రాసి పెడితే అదీ రుజువే. ఏ గెడ్డ దగ్గర మన అడవి మొదలవుతుందో, ఏ రాయి దగ్గర పక్క ఊరిది మొదలవుతుందో నడిచి చూపించగల ముసలివాళ్లు ప్రతి గూడెంలోనూ ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. ఇటుకల పండగకు అందరూ ఊళ్లో ఉంటారు. ఆ రోజుల్లో వాళ్ల వెంట నడిచి, ఆ పేర్లు రాసుకోండి.