పల్నాటి వీరగాథ: పాడేవారి పాలు

పల్నాటి యుద్ధమనగానే మన పండితులు శ్రీనాథుని పేరెత్తుతారు. ఆయన పేర నిలిచిన ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చువేయించారు. ఆ మేలు చిన్నది కాదు. కాని పుస్తకమెరుగని పల్లెల్లో ఈ కథను బతికించినవారెవరు? కత్తి చేతబట్టి తరతరాలుగా పాడిన మాల గాయకులు, వీరవిద్యావంతులు.

కార్తిక అమావాస్యకు కారంపూడిలో మొదలయ్యే వీరారాధనను చూడండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఐదు రోజులు ఆ పన్నెండో శతాబ్ది యుద్ధమంతా నాగులేటి ఒడ్డున మళ్ళీ నడుస్తుంది. వీరాచారవంతులు ఊరూరినుంచి ఆయుధాలు మోసుకొస్తారు. బ్రహ్మనాయుని చాపకూడును తలచుకొని అన్ని కులాలవారూ ఒకచోట భోంచేస్తారు. మిగతా మూడువందల అరవై రోజుల మాటేమిటి? ఈ ప్రశ్న అడిగే హక్కును ఆ కథే ఇస్తున్నది: మాలవాడైన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా స్వీకరించాడని కదా అది చెప్పేది!

ఈ కథ బలమెరిగినవారు ప్రజానాట్యమండలి నాజరు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన ఆయన పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పి జనాన్ని కదిలించారు. ఆలిశెట్టి గాలెయ్య పాడిన గాథను జీన్ రోఘైర్ ఇంగ్లీషు చేసి 1982లో ప్రకటించాడు. పాటగాని పేరు పైదేశపు పుస్తకంలో కెక్కింది. మన పాఠ్యపుస్తకాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఆ జిల్లా బడుల్లో ఈ పాట నేర్పదలిస్తే, ఆ పనిని వీరవిద్యావంతులకే, జీతమిచ్చి, అప్పగించాలి.