బొగ్గు తగ్గే కాలంలో బొగ్గు బస్తీలు

ఈ ప్రత్యేక సంచికకు మన బొగ్గు ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాయవలసిందిగా సంపాదకవర్గం మిత్రులు కోరారు. సింగరేణి పుట్టుపూర్వోత్తరాలు మనలో చాలామందికి విదితమే. కనుక ఆ కథను క్లుప్తంగా ముగించి, నన్ను కొంతకాలంగా వదలని ఒక ప్రశ్న దగ్గరకు వస్తాను. భూమి వేడెక్కుతున్నది కాబట్టి బొగ్గు వాడకం తగ్గించాలని దేశదేశాల పెద్దలు తీర్మానిస్తున్నారు. తీర్మానం మంచిదే. మరి బొగ్గు మీద బతికే ఊళ్ల గతి ఏమిటి? ఆ ఊళ్ల రాజకీయం ఏ దారి పడుతుంది?

1871లో జియొలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఎల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనుగొన్నారు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920లో నేటి సింగరేణి కంపెనీ అవతరించింది. 1945లో నిజాం ప్రభుత్వం దానిలో పెద్ద వాటా కొన్నది. నేడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. ఎల్లందుకు బొగ్గుట్ట అనే పేరు నేటికీ నిలిచి ఉంది. బెల్లంపల్లి, గోదావరిఖని వంటి పట్టణాలు బావుల చుట్టూ పెరిగినవే. కూరగాయల బండి మొదలు సినిమాహాలు వరకు అన్నీ బాయి జీతం మీదే నడిచాయి.

ఇక్కడ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. 1990-91 ప్రాంతంలో కంపెనీలో లక్షమందికి పైగా పనిచేసేవారు. బొగ్గు రెండు కోట్ల టన్నుల లోపే వచ్చేది. 2023-24లో ఉత్పత్తి ఏడు కోట్ల టన్నులకు చేరింది. పర్మినెంటు ఉద్యోగులు మాత్రం సుమారు నలభై వేలకు దిగారు. తట్టలతో టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్ల పని యంత్రాలకు పోయింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. చాలా పనులు కాంట్రాక్టు కార్మికుల చేతికి మారాయి. అంటే వాతావరణ విధానం మన గడప తొక్కకముందే, బొగ్గు తగ్గకుండానే, ఉద్యోగాలు తగ్గాయి. ఈ సంగతి మరచి జరిగే చర్చలో సగమే నిజం ఉంటుంది.

దీని రాజకీయ ఫలితం మన కళ్లముందే జరిగింది. తండ్రి దిగిపోతే కొడుకుకు పని అనేది ఒకప్పటి ఆనవాయితీ. అది ఆగిపోయాక వారసత్వ ఉద్యోగం బొగ్గుబెల్టులో అతి పెద్ద ఎన్నికల వాగ్దానమైంది. ఆ పేరుతో తెచ్చిన పథకాన్ని 2017 మార్చిలో హైకోర్టు కొట్టివేసింది. అదే ఏడాది అక్టోబరులో జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఇదే ప్రధానాంశం. తర్వాత కారుణ్య నియామకాల రూపంలో కొంత దారి దొరికింది. 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో జరుగుతున్న ఈ ఎన్నికల్లో కాంట్రాక్టు కార్మికులకు ఓటు లేదు. పక్కపక్కన పనిచేసే ఇద్దరిలో ఒకరికే నోరున్నట్టు లెక్క.

2021 సంవత్సరం ఇంకా విచిత్రమైనది. నవంబరులో గ్లాస్గో మహాసభలో భారతదేశం 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తెస్తామని ప్రకటించింది. బొగ్గు విద్యుత్తును క్రమంగా తగ్గించాలని ఆ సభ తీర్మానించింది. నెల తిరగకుండానే, డిసెంబరులో, నాలుగు బొగ్గు బ్లాకుల వేలాన్ని వ్యతిరేకిస్తూ సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. బ్లాకులు సింగరేణికే ఇవ్వాలన్నది వారి కోరిక. అక్కడ బొగ్గు తగ్గించాలన్నారు, ఇక్కడ మా బొగ్గు మాకు ఉండాలన్నారు. కార్మికులకు పర్యావరణం పట్టదని దీని అర్థం కాదు. గాలిలో దుమ్మును వారికంటే ఎక్కువ పీల్చినవారెవరు? మరో బతుకుతెరువు కనిపించనప్పుడు ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోవడం మనిషి నైజం.

డబ్బు సంగతి కూడా చూద్దాం. 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయల చొప్పున స్వచ్ఛ ఇంధనం పేరిట కేంద్రం సెస్సు విధించింది. 2016 నాటికి అది 400 రూపాయలైంది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు దాని స్థానంలో అంతే మొత్తంతో రాష్ట్రాల నష్టపరిహారపు సెస్సు పెట్టారు. 2025 సెప్టెంబరులో దాన్ని ఎత్తివేశారు. ఏడు కోట్ల టన్నులకు లెక్కవేస్తే ఏడాదికి 2,800 కోట్ల రూపాయలు. భరించింది కొనుగోలుదారులే అయినా, వచ్చింది బొగ్గు మీద. అందులో బొగ్గు బస్తీల భవిష్యత్తుకని ఒక పద్దు లేకపోయింది. 2015 చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి ఉన్నమాట నిజమే. అయితే రోడ్లతో, భవనాలతో కొత్త ఉపాధి దానంతట అది పుట్టదు.

మన తొలి గనుల కంపెనీ పుట్టిన ఇంగ్లండులో ఈ కథ ముందే నడిచింది. 1984-85లో గనుల మూసివేతకు వ్యతిరేకంగా ఏడాదిపాటు జరిగిన సమ్మె ఓడిపోయింది. ఆనాటి కారణం వాతావరణం కాదు, ఖర్చు లెక్కలు, రాజకీయం. చివరి భూగర్భ బొగ్గు గనుల్లో పెద్దదైన కెల్లింగ్లీ 2015 డిసెంబరులోనూ, చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30నా మూతపడ్డాయి. డెర్బీషైర్‌లోని బోల్సోవర్ గని కార్మికుల నియోజకవర్గం. 1970 నుంచి అక్కడ గెలుస్తూ వచ్చిన మాజీ గని కార్మికుడు డెనిస్ స్కిన్నర్ 2019లో కన్సర్వేటివ్ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. 2024లో మళ్లీ లేబర్ పార్టీయే గెలిచింది. ఆ ఓటమికి కారణాలు అనేకం. అయినా నాకు తోచేది ఇది: గని మూసిన నాటి గాయం ఆ ఏడాది ఎన్నికలతో పోదు. పిల్లల తరంలో, ఎవరూ ఊహించని చోట బయటపడుతుంది.

మనకు ఇంకా వ్యవధి ఉంది. సింగరేణి సౌర విద్యుత్తులోకి దిగి 200 మెగావాట్లు దాటింది. సంతోషమే. కానీ సౌర ఫలకాలను కనిపెట్టుకోవడానికి గనికి కావలసినంత మంది అక్కరలేదు. కనుక ఏ గని ఎప్పుడు మూస్తారు, అక్కడివారికి ఏ పని చూపిస్తారు అన్నది ముందుగా, కార్మికులను, కాంట్రాక్టు వారిని, భూములు పోయిన గ్రామాలవారిని కూర్చోబెట్టి తేల్చాలి. ఇది పెన్షనర్లకూ సంబంధించినదే. 1998 నాటి బొగ్గు గనుల పెన్షన్ పథకంలోకి పనిలో ఉన్నవారి జీతాల నుంచి చందా చేరుతుంది. పనిచేసే చేతులు తగ్గేకొద్దీ ఆ నిధి మీద బరువు పెరుగుతుంది.

కాబట్టి ఏరియా సమావేశాల్లో కరువు భత్యం, వైద్యం తర్వాత ఈ అంశాన్ని కూడా చేర్చవలసిందిగా సభ్యులను కోరుతున్నాను. గని మూసే తేదీ కాగితం మీదకు ఎక్కకముందే అడగాలి. ఎక్కిన తర్వాత అడిగితే వినే నాథుడు ఉండడు.