జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతంలో రాజకీయ హింస: పరిశోధనలు

నేడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా ఉన్న ప్రాంతం ఒకే శతాబ్దంలో రైతాంగ సాయుధ పోరాటాన్ని, నిజాం రాజ్యంపై ఆర్థిక దిగ్బంధాన్ని, నక్సలైట్ ఉద్యమాన్ని చూసినందువల్ల, రాజకీయ హింసను అధ్యయనం చేసే చరిత్రకారులకూ అర్థశాస్త్రవేత్తలకూ ముఖ్యమైన క్షేత్రమైంది. అధికారాన్ని నిలబెట్టుకోవడానికో, కూలదోయడానికో సంఘటితంగా బలాన్ని ప్రయోగించడాన్ని రాజకీయ హింస అంటారు. ఉగ్రవాదం అందులో ఒక భాగం మాత్రమే, దాని నిర్వచనంపై పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

నిజాం కాలంలో నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ తాలూకా దేశ్‌ముఖుల ఏలుబడిలో ఉండేది. శిస్తు వసూలు హక్కుతో మొదలై వేల ఎకరాల భూమినీ, కింది కులాల చేత జీతం లేకుండా చేయించుకునే వెట్టినీ చేజిక్కించుకున్న భూస్వాములే దేశ్‌ముఖులు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపుపై కాల్పులు జరపగా దొడ్డి కొమురయ్య మరణించడం, కమ్యూనిస్టుల నాయకత్వంలోని గ్రామ సంఘాలు ఆయుధాలు పట్టడానికి దారితీసింది. అంతకుముందే పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలు పొలంలో పండిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా సంఘం కార్యకర్తలు అడ్డుపడి ఇంటికి చేర్చారు. ఉద్యమ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ఆంగ్లంలో రాసిన గ్రంథం లోపలి నుంచి వచ్చిన కథనం కాగా, 1974లో డి.ఎన్. ధనగరే రైతు వర్గాల పొత్తుల కోణంలోనూ, కరోలిన్ ఎలియట్ నిజాం పాలన లోలోపల శిథిలం కావడం అనే కోణంలోనూ ఈ తిరుగుబాటును విశ్లేషించారు. వీరెవరూ అంతగా పట్టించుకోని స్త్రీల అనుభవాలను స్త్రీ శక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ వారి నోటి మాటల్లోనే నమోదు చేసింది. దస్తావేజులకు అందని విషయాలను బయటికి తెచ్చిన పద్ధతిగా చూస్తే, మిగిలిన రచనలకన్నా దాని విలువ ఎక్కువనే చెప్పాలి.

ఆర్థిక ఆంక్షలు, అంటే ఒక రాజ్యాన్ని దారికి తెచ్చేందుకు దాని వాణిజ్యాన్నీ సరఫరాలనూ కట్టడి చేయడం, ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1947 నవంబరు 29న భారత్‌కూ నిజాంకూ మధ్య కుదిరిన యథాతథ ఒప్పందం నిలవక సంబంధాలు బెడిసిన తరువాత, భారత ప్రభుత్వం తమను దిగ్బంధిస్తున్నదని నిజాం ప్రభుత్వం ఆరోపించి, 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిని ఆశ్రయించింది. ఆంక్షలపై ప్రామాణికంగా భావించే హఫ్‌బౌర్, షాట్, ఎలియట్‌ల గ్రంథంలోని జాబితాలో ఈ ఉదంతం కూడా ఉంది. ఆ గ్రంథం 1990 నాటి ముద్రణలో 115 ఉదంతాలను పరిశీలించి 40 ఫలించాయని చెప్పగా, 1997లో రాబర్ట్ పేప్ వాటిలో 5 మాత్రమే నిజంగా ఆంక్షల వల్ల సాధ్యమయ్యాయనీ, చాలాచోట్ల ఫలితాన్ని తేల్చింది సైనిక బలమేననీ వాదించాడు. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన సైనిక చర్యతోనే హైదరాబాద్ లొంగిపోయింది కాబట్టి, ఇక్కడి మట్టుకు పేప్ పక్షమే బలంగా కనిపిస్తుంది.

సైన్యం దిగాక కమ్యూనిస్టు దళాలు గోదావరి తీరపు అడవులకు మళ్ళాయి. 1980లో కొండపల్లి సీతారామయ్య స్థాపించిన నక్సలైట్ సంస్థ పీపుల్స్‌వార్ కూడా ఉత్తర తెలంగాణ పల్లెల్లో, అడవుల్లో వేళ్ళూనుకుంది. ఇది కాకతాళీయం కాదని శివాజీ ముఖర్జీ 2021లో వెలువరించిన గ్రంథం వాదిస్తుంది. బ్రిటిషువారు నేరుగా ఏలకుండా సంస్థానాధీశుల ద్వారా సాగించిన పరోక్ష పాలన, ప్రభుత్వ యంత్రాంగాన్ని బలహీనంగా, భూ సంబంధాలను అసమానంగా మిగిల్చిందనీ, మావోయిస్టులు ఆ లోటులోకే చొరబడ్డారనీ దాని సారాంశం.

గణాంకాలతో పనిచేసే పరిశోధకులకు ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది సరిహద్దులది. 2016 అక్టోబరు 11కు ముందు ఈ మూడు జిల్లాల్లో అధిక భాగం వరంగల్ జిల్లాలోనే ఉండేది కనుక, పాత లెక్కల్లో జనగామ మెట్ట పొలాలూ గోదావరి ఒడ్డు అడవులూ ఒకే వరుసలో కలిసిపోతాయి. 1948 ఆగస్టు 27న నిజాం అనుకూల సాయుధ దళమైన రజాకార్ల ఊచకోతకు గురైన బైరాన్‌పల్లి 2016 దాకా వరంగల్‌లో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాకు చేరింది. రెండవది, ఏది హింసగా లెక్కకు వస్తుందన్నది. మేరీలాండ్ విశ్వవిద్యాలయపు ప్రపంచ ఉగ్రవాద దత్తాంశ నిధి 1970 నుంచి మొదలై, ప్రభుత్వేతర శక్తుల దాడులనే నమోదు చేస్తుంది. అందువల్ల ఇన్‌ఫార్మర్ పేరిట నక్సలైట్ దళం చేసిన హత్య అందులోకి ఎక్కుతుంది గానీ, పోలీసులు ఎదురుకాల్పులనీ పౌరహక్కుల సంఘాలు బూటకపు ఎన్‌కౌంటర్ అనీ పిలిచే మరణం ఎక్కదు.

ఉపాధి హామీ పథకం హింసను తగ్గించిందా అన్న చర్చలోనూ వరంగల్ ఉంది, ఎందుకంటే 2006 ఫిబ్రవరిలో పథకం మొదలైన తొలి 200 జిల్లాల్లో అది ఒకటి. పథకాన్ని సమర్థంగా నడపగల యంత్రాంగం ఉన్న రాష్ట్రాల్లోనే హింస తగ్గిందని దాస్‌గుప్తా, గావండే, కపూర్ 2017లో తేల్చగా, అదే ఏడాది ఖన్నా, జిమ్మర్‌మన్ మొదట్లో హింస పెరిగిందన్నారు. కూలి దొరికిన గ్రామస్తులు పోలీసులకు సమాచారం ఇవ్వడం, దాంతో పోలీసుల దాడులు ముమ్మరం కావడం అందుకు వారు చెప్పిన కారణం. అయితే 1989లో ఏర్పడిన ప్రత్యేక పోలీసు బలగం గ్రేహౌండ్స్ ఒత్తిడి, 2004 అక్టోబరు శాంతి చర్చల వైఫల్యం తరువాత సాగిన గాలింపుల వల్ల మావోయిస్టు దళాలు అప్పటికే దెబ్బతిన్నందున, తగ్గుదలలో పని కల్పన వాటా ఎంతో విడదీసి చూపడం అంత తేలిక కాదు.

లొంగుబాట్లపై రుమేలా సేన్ 2021లో ప్రచురించిన గ్రంథం తెలంగాణను జార్ఖండ్‌తో పోల్చింది. ఆయుధం వదిలినవాడిని ప్రభుత్వం మాట తప్పి చంపినా అడిగే నాథుడు ఉండడనే భయమే లొంగిపోవడానికి అసలు అడ్డంకి అనీ, తెలంగాణలో గ్రామ స్థాయి పౌర సంఘాల నుంచి పుట్టిన అనధికారిక సంబంధాలు ఆ భయాన్ని తగ్గించి, ఎక్కువమంది ఇళ్ళకు చేరేలా చేశాయనీ ఆమె వాదన. పునరావాస ప్యాకేజీలో ఎంత సొమ్ము ఇస్తారన్నది ఆమె విశ్లేషణలో రెండవ స్థానానికి వెళ్ళిపోతుంది.