నొప్పులు తెచ్చే మందు, నొప్పి తీసే మందు

తెలుగులో కాన్పుకీ బాధకీ మాట ఒక్కటే. "నొప్పులొస్తున్నయి" అంటే ఎక్కడ అని ఎవరూ అడగరు, ఆటోని పిలుస్తారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని శ్రమ అన్నారు, మనం నొప్పి అని తేల్చేశాం. అందుకేనేమో "నొప్పులు రానీకి సూది ఏసిండ్రు" అన్నా మనకి వింతగా వినపడదు. ఆస్పత్రిలో మిగతా గదుల్లో నొప్పి తగ్గడానికి మందిస్తారు, కాన్పు గదిలో మాత్రం రావడానికి ఇస్తారు.

ఈ రెండు మందులవీ వేర్వేరు చరిత్రలు. నొప్పి తీసే మందు చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం ఇబ్రహీంపట్నానికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్‌లో నడిచింది. నూటముప్ఫై ఏళ్లు దాటినా ఆ మందు ఈ కాస్త దూరం సరిగ్గా రాలేకపోయింది. నొప్పులు తెచ్చే మందు మాత్రం ఎప్పుడో వచ్చేసింది. ఎందుకలా?

1847లో ఎడిన్‌బరో డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పులో క్లోరోఫామ్ వాడాడు. ఆడది బాధపడుతూనే కనాలని బైబిల్ చెప్తోంది కదా అని కొందరు అడ్డుచెప్పారు. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదో కాన్పుకి జాన్ స్నో చేత క్లోరోఫామ్ ఇప్పించుకుంది. దాంతో కనీసం పెద్దింటి ఆడవాళ్లకి దారి దొరికింది.

అయితే క్లోరోఫామ్ వల్ల ప్రాణాలు కూడా పోయేవి. గుండె ఆగి పోతున్నాయా, ఊపిరి ఆగి పోతున్నాయా అని డాక్టర్లు దశాబ్దాలు కొట్టుకున్నారు. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరి పక్షం. 1888లో ఇక్కడ మొదటి క్లోరోఫామ్ కమిషన్ ఆ మాటే చెప్పింది. లండన్ 'లాన్సెట్' పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి లారీ చెప్పిందే నిజమని తేల్చారు. తీరా 1911లో గుడ్‌మన్ లెవీ, క్లోరోఫామ్ గుండెని నేరుగానే దెబ్బతీయగలదని చూపించాడు. ప్రపంచమంతా మాట్లాడుకున్న హైదరాబాద్ జవాబు తప్పని తేలింది.

ఆ జవాబు కన్నా నాకు ముఖ్యమనిపించేది లారీ చేసిన ఇంకో పని. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో ఆడపిల్లల్ని చేర్చుకున్నాడు. వాళ్లలో ఒకామె రూపాబాయి ఫర్దూంజీ. 1889లో చదువు పూర్తిచేసి, ఆపరేషన్లలో క్లోరోఫామ్ ఇవ్వడమే వృత్తిగా పెట్టుకుంది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చాలామంది అంటారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివొచ్చింది. మత్తు వాయువుల లెక్కలు తెలియాలంటే ఆ చదువు కావాలి మరి. ఇవాళ మన సిటీలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు? సికింద్రాబాద్‌లో మలేరియా గుట్టు పట్టుకున్న రోనాల్డ్ రాస్ తెలుసు, ఈమె తెలీదు.

ఇక్కడ ఒకటి గమనించాలి. క్లోరోఫామ్ కమిషన్ అడిగింది సర్జన్ ప్రశ్న. కత్తి పడేటప్పుడు మనిషి కదలకుండా, చావకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? కనే మనిషికి బాధ ఎలా తగ్గించాలన్నది దాని ప్రశ్న కాదు. మత్తు మన దగ్గర మొదట్నుంచీ కత్తి వెంట నడిచింది. ఆ నడక ఇంకా మారలేదు.

ఇక రెండో మందు. 1906లో హెన్రీ డేల్ అనే శాస్త్రవేత్త ఎద్దు పిట్యూటరీ గ్రంథి రసం పిల్లి గర్భసంచిని బిగుసుకునేలా చేస్తుందని కనిపెట్టాడు. మూడేళ్లకే ఆ రసాన్ని కాన్పుల్లో వాడారు. 1953లో విన్సెంట్ డు విగ్నో అందులోని ఆక్సిటోసిన్‌ని ల్యాబ్‌లో తయారుచేశాడు. తొమ్మిది అమైనో ఆసిడ్ల చిన్న గొలుసు అది. 1955లో ఆయనకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆక్సిటోసిన్ అంటే గ్రీకులో త్వరగా కనడం. ఈ మందు చవక, ఫ్రిజ్ ఉంటే నిలవుంటుంది, సెలైన్‌లో కలిపి చుక్కచుక్కగా ఎక్కించొచ్చు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపి లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది కూడా ఇదే. పాలకోసం గేదెలకి పొడుస్తున్నారని 2018లో కేంద్రం దీని తయారీని ప్రైవేటు కంపెనీలకి నిషేధించింది. తల్లులకి అందకుండా పోతుందని కేసు వేస్తే అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది.

మామూలుగా అయితే ఒంట్లో ఆక్సిటోసిన్ అలలు అలలుగా విడుదలవుతుంది, నొప్పులు మెల్లగా పెరుగుతాయి. సెలైన్‌తో అయితే ఆగకుండా ఎక్కుతుంది, డోసు మెట్టుమెట్టుగా పెంచుతారు. ఇలా తెప్పించిన నొప్పులు వాటంతట అవి వచ్చే నొప్పుల కన్నా ఎక్కువ బాధపెట్టవచ్చని, ఆ సంగతి ముందే తల్లికి చెప్పాలని బ్రిటన్ నైస్ మార్గదర్శకాల్లో ఉంది. మా అక్కకి డేట్ దాటిందని సెలైన్ పెట్టారు. ఆస్పత్రి పేరు అక్కర్లేదు, ఎక్కడైనా ఇంతే. పొద్దున్నుంచి రాత్రి దాకా కేకలు పెడుతూనే ఉంది. "ఏమన్నా సూది ఇయ్యరాదమ్మా" అని అడిగితే నర్సమ్మ, "సూది ఇచ్చినం గద బిడ్డా, గందుకే నొస్తున్నది" అంది. ఎగతాళికి అనలేదు, ఉన్నమాటే అంది.

నొప్పి మందు లేకుండా కనడాన్ని గొప్పగా చెప్పుకునే సంప్రదాయం కూడా ఒకటుంది. 1914 ప్రాంతంలో అమెరికా ఆడవాళ్లు 'ట్విలైట్ స్లీప్' కావాలని, అంటే కాన్పు బాధ గుర్తుండకుండా చేసే మందు కావాలని ఉద్యమం నడిపారు. తర్వాత ఇంగ్లండ్‌లో గ్రాంట్లీ డిక్-రీడ్, నొప్పికి మూలం భయమేనని, మందులక్కర్లేదని పుస్తకాలు రాశాడు. ఇప్పుడు హైదరాబాద్ ఐటీ జంటలు నేచురల్ బర్త్ క్లాసులకి వెళ్తున్నారు. ఇందులో నాకేం అభ్యంతరం లేదు. అడిగితే దొరికే చోట వద్దనడం ఎంపిక. అడిగినా దొరకని చోట భరించడాన్ని ఎంపిక అనలేం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండింటినీ 'నార్మల్' అనే రాస్తారు.

ఎపిడ్యూరల్ ఎందుకు రాలేదంటే ధర ఒక్కటే కారణం కాదు. మా భాషలో చెప్పాలంటే ఇది రిసోర్స్ సమస్య. సిజేరియన్‌కి మత్తు డాక్టరు గంట ఉంటే చాలు. ఎపిడ్యూరల్‌కైతే పది గంటలైనా పిలిస్తే వచ్చేంత దగ్గర్లో ఉండాలి, బీపీ చూస్తుండాలి. సిజేరియన్ టైమ్ పెట్టుకుని చేసేది. నొప్పులకి టైమ్ టేబుల్ లేదు.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోనే ఎక్కువ. ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వాస్పత్రుల్లో 44.5. ముహూర్తాలు, బిల్లులు, డాక్టర్ల తొందర అని మనం కారణాలు చెప్పుకుంటాం. అన్నీ నిజమే. నేను ఇంకోటి కలుపుతాను: మన దగ్గర కాన్పు నొప్పి నుంచి బయటపడటానికి ఉన్న ఒకే దారి పెద్దాపరేషన్. సెలైన్ పెట్టిన ఎనిమిదో గంటలో "కోసెయ్యండి" అని బతిమాలే మనిషి అడుగుతున్నది కత్తిని కాదు. కత్తి వెంట వచ్చే మత్తుని.

ఆడవాళ్ల ఒంటిని లెక్కల్లో పెట్టి చూసే అలవాటు ఎక్కడికి తీసుకెళ్తుందో ఇబ్రహీంపట్నానికి తెలుసు. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వాస్పత్రిలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాతి రోజుల్లో నలుగురు తల్లులు చనిపోయారు. అది వేరే విషాదం, కానీ నేల ఒక్కటే. ఎన్ని జరిగాయన్నది నమోదవుతుంది, ఎలా జరిగాయన్నది ఆమెకే తెలుస్తుంది.

మారడం లేదని కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన లక్ష్య కార్యక్రమం, కాన్పు గదిలో తోడుగా ఒక మనిషిని ఉండనివ్వాలంది. ఆరోగ్యంగా ఉన్న తల్లి నొప్పి తగ్గించమని అడిగితే ఎపిడ్యూరల్ ఇవ్వొచ్చని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పక్కన మనిషి ఉండటం, నడవనివ్వడం, వెన్ను రాయడం, గోరువెచ్చటి నీళ్లు కూడా బాధ తగ్గిస్తాయి. మన మంత్రసానులకి ఇవన్నీ తెలుసు. వాళ్లని పంపించేశాం, సరే, కాన్పుల్లో చావులు తగ్గాయి. వాళ్ల చేతుల్లో ఉన్న పనిని మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు.

రూపాబాయి ఆ రోజుల్లో క్లోరోఫామ్ కొలిచి, మనిషి ముఖం చూస్తూ, ఊపిరి వింటూ పక్కనే నిలబడేది. మత్తు డాక్టరు పనిలో సగం మందు, సగం పక్కన ఉండటం. మందు సగం రావడానికి డబ్బూ డాక్టర్లూ కావాలి, టైమ్ పడుతుంది. రెండో సగానికి ఒక స్టూలు చాలు. సెలైన్ స్టాండ్ పక్కన దాన్ని ఇవాళే వెయ్యొచ్చు.