డీజే ముద్ర

నల్లమల యడవికి వాకిలివంటి అచ్చంపేటలో పెండ్లి బరాత్ సాగు రాత్రి, ఊరేగింపు ఇంకను వీధి మలుపు తిరుగకమునుపే అటుకమీది స్టీలు గిన్నెలు గలగలలాడుటచేత, డీజే వచ్చుచున్నదని పిల్లలు కనుగొందురు. డీసీఎం బండిమీద నిలువెత్తు సౌండు బాక్సులు, వాని వెనుక జనరేటరు, నడుమ ల్యాప్‌టాపు వెలుగులో భుజాన తడితువాలు వేసికొన్న యొక యువకుడు. జనుల చూపు కట్టకడపట పడునది ఆ యువకునిమీదనే. అయినను తెలంగాణమున మన కన్నులయెదుట పుట్టిన యొక క్రొత్త సంగీతరీతికి కర్త యతడే యని నా నిశ్చయము.

ఈ రీతికి పండితులు పేరు పెట్టలేదు. చిందు వేయువారే దానిని తీన్మార్ మిక్స్ అనియు, రోడ్ షో మిక్స్ అనియు, చటల్ బ్యాండ్ మిక్స్ అనియు పిలుచుచున్నారు. దీనికి మూలములు రెండు. మొదటిది మన డప్పు. మేకతోలు బిగించి, నిప్పుసెగను కాచి, ఒకచేత సిర్రతోను వేఱొకచేత చిటికెనపుల్లతోను వాయించు ఆ వాద్యమునకు పెండ్లికొక దరువు, చావుకొక దరువు, జాతరకొక దరువు, చాటింపునకొక దరువు గలవు. రెండవది హైదరాబాదు మర్ఫా. నిజాము కొలువున సైనికులై యెమెనులోని హద్రమౌతునుండి వచ్చిన అరబ్బులును, ఆఫ్రికా మూలమునకు చెందిన సిద్దీలును బార్కస్, ఏసీ గార్డ్స్ ప్రాంతములలో నిలుపుకొన్న ఆ వాద్యమే మనకు తీన్మార్ నడక నిచ్చినది. బోనాల ఊరేగింపునకును, అరబ్బుల పెండ్లికిని ఒక్క దరువు చాలిన నగరమది.

ఈ నడకలు విద్యుత్తులోనికి ప్రవేశించుటకు మొదటి మెట్టు ప్యాడ్ బ్యాండు. జపానులోని రోలాండు సంస్థ 1985లో వెలువరించిన ఆక్టోప్యాడ్ అను ఎనిమిది పలకల యంత్రము కాలక్రమమున పెండ్లి మేళములలోనికి దిగినది. పిదప కంప్యూటరు వచ్చినది. డీజే ఒక జానపదగీతమును గైకొని, కంఠమును నిలిపి, నడక పెంచి, దానిక్రింద డప్పుదెబ్బను, మర్ఫా మలుపును, గుండెలో దిగు బేస్‌ను పేర్చుట నేర్చెను. అన్నిటికంటె గొప్ప విద్య యతడు పాటను ఆపుటలోనున్నది. చరణము నడుమ నొక్క క్షణము సర్వము నిశ్శబ్దమగును; ఎత్తిన కాళ్ళు ఎత్తినట్లే నిలుచును; అప్పుడు దెబ్బ పడును. ఏ దరువు నెప్పుడు మార్చవలయునో అతనికి నేర్పునవి ఆ పాదములే. పూర్వము డప్పు వాయించువాని కన్నులును అచ్చటనే యుండెడివి.

షికాగోలోని వేర్‌హౌస్ అను నృత్యశాలలో 1977నుండి ఫ్రాంకీ నకుల్స్ అను డీజే నడపిన సంగీతము, ఆ శాల పేరునుండియే హౌస్ అను పేరు పొందెను; 2004లో ఆ నగరము ఒక వీధికి ఆతని పేరు పెట్టెను. మనవానికి వీధి లేదు. అందుచేత నతడు తన పేరును పాటలోనే నిలుపుకొనెను. దరువు మాఱుచోట, డీజే అను మాటకు తన పేరును, ఊరి పేరును చేర్చి, మైకులో గంభీరముగా పలికించును. క్షేత్రయ్య మువ్వగోపాలుని పదమున నిలిపినట్లు, త్యాగయ్య తన పేరును కీర్తన కడపట నిలిపినట్లు, ఇదియు ముద్రయే యని నేను తలంతును. బస్సు బోర్డుమీద తప్ప మఱెచ్చటను కానరాని పల్లెల పేర్లు ఈ ముద్రలలో మ్రోగుచున్నవి.

అచ్చంపేట యున్న ఈ జిల్లాలోనే లింగాల మండలపు అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య, పండ్రెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథ పాడి, 2022లో పద్మశ్రీ పొందినప్పుడు మేమందఱము పొంగిపోతిమి. అట్టి గౌరవము డప్పుగానికి దక్కలేదు. డీజే శబ్దము మితిమీఱినదనుట సత్యము. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేను నిషేధించుట, పసిబిడ్డలను, గుండెజబ్బువారిని తలచికొన్నచో, నాకు న్యాయముగనే తోచినది. నన్ను కలచునది మఱియొకటి. పెండ్లికి డప్పును పిలుచుట తగ్గినది. డప్పు చప్పుడు మాత్రము యంత్రములో భద్రముగా నున్నది. ముద్రలో డీజే పేరున్నది, ఆ దెబ్బ వేసిన చేతి పేరు లేదు.

మొన్నటి బరాత్‌లో నొక ముసలి డప్పుగాడు గోడవారగా నిలుచుండుట చూచితిని. పాట ఆగినది. జనులందఱు కాలెత్తి నిలిచిరి. దెబ్బ పడుటకు సరిగా నొక లిప్త ముందు, అతని కుడిచేయి తొడమీద సిర్ర వేసినది.