పాత మైక్రోకంప్యూటర్ల బేసిక్: వేరియబుళ్లు, మెమరీ

1980 దశకంలో మన దేశంలోని బడులకూ ఇళ్లకూ వచ్చిన మైక్రోకంప్యూటర్లలో స్విచ్ వేయగానే తెర మీదికి బేసిక్ భాషే వచ్చేది. వాటి మెమరీ కిలోబైట్లలోనే ఉండేది. అందుకే వేరియబుల్‌కు ఏ పేరు పెట్టాలి, అందులో ఎలాంటి విలువ దాచాలి అన్నది బైట్లు లెక్కగట్టి తేల్చుకోవలసి వచ్చేది.

అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ రూపొందించిన బేసిక్ 1964 మే 1న తొలిసారి నడిచింది. అందులో వేరియబుల్ పేరంటే ఒక్క అక్షరం, లేదా అక్షరం పక్కన ఒక అంకె. అలా 286 పేర్లే సాధ్యం. 1975 నుంచి మైక్రోసాఫ్ట్ రాసిన బేసిక్‌లు చిన్న యంత్రాలకు వ్యాపించాయి. వాటిలో చాలావాటికి పేరులోని మొదటి రెండు అక్షరాలే లెక్క. రోమన్ లిపిలో పాలు, పంట అని రెండు వేరియబుళ్లు పెట్టుకుంటే యంత్రం దృష్టిలో అవి రెండూ ఒకటే.

తెలుగు నేల మీద కంప్యూటర్ల తయారీ 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఈసీఐఎల్‌తో మొదలైంది. అయితే దాని టీడీసీ-12 వంటివి ప్రయోగశాలల కోసం చేసినవి. విద్యార్థుల చేతికి బేసిక్ అందించినది 1984-85లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి చేపట్టిన ‘క్లాస్’ పథకం. తొలి విడతలో దాదాపు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రోలు వెళ్లాయి. సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ అదే యంత్రాన్ని యూనికార్న్ పేరుతో ఇక్కడ తయారుచేసింది. డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సు తీసుకుని సింక్లెయిర్ స్పెక్ట్రమ్ ప్లస్‌ను అమ్మింది.

బీబీసీ మైక్రో మోడల్ బి మెమరీ 32 కిలోబైట్లు. తెర మీది బొమ్మ కూడా అందులోనే ఉండాలి. క్యాసెట్ వాడుతూ, అక్షరాలు మాత్రమే చూపే ఏడో మోడ్‌లో ఉంటే ప్రోగ్రాముకూ వేరియబుళ్లకూ కలిపి 28,160 బైట్లు దక్కేవి. డిస్కు పెట్టుకుని నాలుగు రంగుల ఒకటో మోడ్‌లోకి మారితే మిగిలేది 5,888. ఆ యంత్రం మీద పని చేసేవారికి అసలు ఇరుకు ఇదే.

ఈ యంత్రంలోని బీబీసీ బేసిక్‌ను రాసిన సోఫీ విల్సన్ ఇరుకులోనూ పొడుగు పేర్లకు చోటిచ్చారు. పేరులోని ప్రతి అక్షరమూ లెక్కకు వస్తుంది. వెతుకులాట నెమ్మదించకుండా, ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లను ఒక గొలుసుగా కట్టారు. మామూలు సంఖ్యకు 5 బైట్లు, శాతం గుర్తు తగిలించిన పూర్ణాంకానికి 4 బైట్లు. ఎ% నుంచి జెడ్% దాకా 26 పూర్ణాంకాలకు స్థిరమైన చోటు ఉంటుంది. వాటిని ఇట్టే అందుకోవచ్చు. కొత్త ప్రోగ్రాము ఎక్కించినా వాటి విలువలు చెరగవు. పెద్ద ప్రోగ్రామును ముక్కలు చేసి, ఒక ముక్క నుంచి మరో ముక్కకు విలువలు అందించడానికి ఇవి ఎంతగానో పనికొచ్చాయి. ఈ భాషలోకెల్లా తెలివైన ఏర్పాటు ఇదేననిపిస్తుంది. లోపమూ ఉంది: అక్షరాల వరుసను దాచే స్ట్రింగ్ పెరిగి పాత చోటు చాలకపోతే కొత్త చోటుకు వెళ్తుంది, వదిలేసిన చోటు తిరిగి రాదు.

1982 నాటి స్పెక్ట్రమ్ బేసిక్ స్ట్రింగ్‌లను ఎప్పటికప్పుడు సర్ది ఖాళీలు లేకుండా చూస్తుంది. సంఖ్యల విషయంలో మాత్రం దుబారా మనిషి. ప్రోగ్రాములో 1 అని రాస్తే ఆ అంకెకు ఒక బైటు, దాని వెనుక కంటికి కనిపించని గుర్తుకు ఒకటి, విలువకు 5, వెరసి 7 బైట్లు. వాల్ (VAL) అనే పదం పక్కన కొటేషన్లలో 1 పెడితే 4 బైట్లే. సున్నాకు బదులు ‘నాట్ పై’ (NOT PI) అంటే 2 బైట్లతో సరి. చదవడానికి వింతగా ఉన్నా, 16 కిలోబైట్ల యంత్రంలో ఇలాంటివి లేకుండా పెద్ద ప్రోగ్రాము పట్టేది కాదు. పేర్లను జాబితా మొదటి నుంచి వరుసగా వెతుకుతుంది గనుక, తరచూ వాడేవాటిని ముందే సృష్టించుకునేవారు.

వైరా జలాశయం నీటిమట్టాన్ని రోజుకొకటి చొప్పున ఏడాదంతా దాచాలనుకుందాం. స్పెక్ట్రమ్‌లో 365 సంఖ్యల వరుసకు 1,831 బైట్లు కావాలి. బీబీసీ మైక్రోలోనూ సుమారుగా అంతే. అంటే ఒకటో మోడ్‌లో మిగిలిన చోటులో మూడో వంతు దానికే పోతుంది. అయితే ఈ జలాశయం పూర్తి మట్టం 18 అడుగుల పైచిలుకు. మట్టాన్ని అడుగులో పదో వంతుల్లో రాసుకుంటే ఏ రోజు విలువా 255 దాటదు, కాబట్టి ఒక్క బైటు చాలు. స్పెక్ట్రమ్‌లో దాన్ని స్ట్రింగ్ వరుసలో అక్షరంగా దాస్తే మొత్తం 371 బైట్లు. బీబీసీ బేసిక్‌లో 365 బైట్లు విడిగా కేటాయించుకుని, ప్రశ్నార్థకం గుర్తుతో ఒక్కో బైటునూ చదవవచ్చు, రాయవచ్చు.

ఫలితాన్ని తెలుగులో చూపడం మాత్రం తేలిక కాదు. స్పెక్ట్రమ్‌లో సొంతంగా గీసుకునే అక్షరాలకు కేటాయించినది 168 బైట్లు, అంటే 21 రూపాలు. గుణింతాలు, ఒత్తులు అటుంచితే మన అచ్చులూ హల్లులకే అవి చాలవు.

1987లో బీబీసీ మైక్రో తయారీ సంస్థ ఏకార్న్ తెచ్చిన ఆర్కిమిడీస్ కంప్యూటర్‌తో పాటు వచ్చిన బీబీసీ బేసిక్ 5 నాటికి యంత్రంలో కనీసం అర మెగాబైటు మెమరీ ఉంది. ఎ% నుంచి జెడ్% దాకా ఆ 26 వేరియబుళ్లు అందులోనూ కొనసాగాయి.